సైగాన్ రొట్టె, తెనాలి పెసరట్టు

పిల్లలూ!

ఈ నెల మనం తిండి గురించి మాట్లాడుకుందాం. దీనికి కారణం రేపల్లె నుంచి వచ్చిన ఒక ఉత్తరం. అది రాసిన అమ్మాయి ఏడో తరగతి చదువుతున్నది. తన పేరు వెయ్యవద్దని కోరింది కనక వెయ్యటం లేదు. ఆమె ఇట్లా రాసింది:

"సంక్రాంతి సెలవులకు మా పిన్ని కొడుకు మెల్‌బోర్న్ నుంచి వచ్చాడు. వాడికి తొమ్మిదేళ్లు. పాలూ గుడ్లూ వాడికి పడవు. కొంచెం నోట్లో పడినా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఊపిరి ఆడదు. అక్కడ వాళ్ల వీధి చివర వియత్నాం వాళ్ల చిన్న హోటలు ఉన్నదట. మాంసం, పాలు, గుడ్డు ఏమీ లేకుండా, రొట్టెలో కూరముక్కలు పెట్టి ఇస్తారట. వాడికి అదంటే ప్రాణం. బట్టలు కొనటానికి మేమందరం రైల్లో తెనాలి వెళ్లాం. ఆకలేసి ఒక బేకరీలోకి వెళితే, ఏది అడిగినా పాలో, వెన్నో, గుడ్డో ఉన్నదన్నారు. మేమంతా తిన్నాం. వాడు మంచినీళ్లు తాగి కూచున్నాడు. 'ఇక్కడ నేను తినటానికి ఏమీ లేదు గదా, అక్కా?' అన్నాడు. నాకు సిగ్గేసింది. మన ఊళ్లకు వచ్చిన చుట్టానికి పెట్టటానికి మన దగ్గర ఏమీ లేదా?"

"ఎందుకు లేదమ్మా, ఉన్నది!" అని వెంటనే రాసి ఉండేవాణ్ణే. కాని ఇది ఒక పిల్లవాడి ప్రాణానికి సంబంధించిన సంగతి. చూడకుండా, అడగకుండా రాయటం తప్పు. అందుచేత ఒకనాటి ఉదయం తెనాలిలో ఒక వీధి హోటలుకు నేనే వెళ్లాను. అక్కడ ఏం జరిగిందో చెప్పేముందు, ఆ వియత్నాం రొట్టె కథ చెబుతాను. చాలా తమాషా అయిన కథ అది.

ఆ రొట్టెను వాళ్లు 'బాన్ మీ' అంటారు. 'బాన్' అంటే పిండితో చేసే రొట్టె, అప్పం లాంటి తిండి. 'మీ' అంటే గోధుమ. మూరెడులోపు పొడవుండే కోలరొట్టెను పొడుగునా చీలుస్తారు. అందులో వెనిగరులో ఊరేసిన క్యారెట్టు, తెల్ల ముల్లంగి ముక్కలు, కీరా దోసకాయ ముక్కలు, కొత్తిమీర, పచ్చి మిరపకాయ పెడతారు. మామూలుగా మాంసం కూడా పెడతారు. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. పులుపూ, కారమూ, తీపీ కలిసి ఒకేసారి నాలుకకు తగులుతాయి.

తమాషా ఎక్కడున్నదంటే, వియత్నాం మనలాగే వరి పండించే దేశం. అక్కడి జనం అన్నం తినేవాళ్లు. వాళ్లు వాడే గోధుమ దాదాపు అంతా బయటి దేశాలనుంచి ఓడలమీద రావలసిందే. మరి గోధుమరొట్టె వాళ్లకు ఎట్లా అబ్బింది? 1859లో ఫ్రెంచివాళ్లు సైగాన్ నగరాన్ని పట్టుకున్నారు. తరవాత ఆ దేశమంతా వాళ్ల ఏలుబడిలోకి వచ్చింది. ప్యారిస్‌లో తినే కోలరొట్టె వాళ్లతోపాటు వచ్చింది. మొదట్లో అది దొరల బల్లలమీద తిండి. దాన్ని వాళ్లు వెన్నతోనూ, జున్నుతోనూ తినేవాళ్లు.

1954లో ఫ్రెంచి పాలన ముగిసింది. అదే సంవత్సరం మన గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం కూడా ఫ్రెంచివాళ్ల చేతినుంచి బయటపడిందని మీ పెద్దలను అడిగితే చెబుతారు. ఆ ఏడు వియత్నాంలో ఉత్తర ప్రాంతంనుంచి లక్షలమంది దక్షిణానికి తరలి వచ్చారు. వారిలో కొందరు సైగాన్‌లో చిన్న చిన్న రొట్టె అంగళ్లు పెట్టుకున్నారు. 1958లో పెట్టిన 'హోవా మా' అనే అంగడి వాటిలో పేరు పొందింది. కూలికీ, బడికీ పోయేవాళ్లు బల్ల ముందు కూచుని తినే తీరిక ఎక్కడిది? చేత పట్టుకుని నడుస్తూ తినటానికి వీలుగా, పొట్టి రొట్టెలో అన్నీ పెట్టి ఇవ్వటం మొదలయింది. వెన్న, జున్ను పోయి వాళ్ల పెరటి కూరలూ, వాళ్ల మిరపకాయలూ వచ్చాయి. రొట్టె పరాయిదే, లోపలిది వాళ్లది. అట్లా ఆ దొరల రొట్టె వియత్నాం బిడ్డ అయిపోయింది. సైగాన్ పేరు 1976లో హో చి మిన్ నగరంగా మారింది గాని రొట్టె మాత్రం మారలేదు. 2011లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో 'బాన్ మీ' అనే మాట కూడా చేరింది.

ఇక మాంసంలేని బాన్ మీ సంగతి. వియత్నాంలో బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజూ, పదిహేనో రోజూ, అంటే మన అమావాస్య, పున్నమిల కాలంలో, మాంసం ముట్టరు. ఆ తిండిని 'చాయ్' అంటారు. మనం తాగే చాయ్‌కూ దీనికీ ఏమీ సంబంధం లేదు! చాయ్ రొట్టెలో మాంసానికి బదులు 'టోఫూ' పెడతారు. టోఫూ అంటే ఏమిటనుకున్నారు? సోయా చిక్కుడు గింజలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి కాస్తారు. వాటిలో ఒక రకం ఉప్పు వేస్తే విరుగుతాయి. ఆ విరుగును గుడ్డలో మూటగట్టి బరువు పెడితే గడ్డ అవుతుంది. అమ్మ పాలు విరగ్గొట్టి పనీరు చేయటం చూశారా? సరిగా అట్లాగే. కాని ఇందులో ఆవుకూ గేదెకూ పని లేదు.

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, తేనె కూడా లేకుండా, చెట్టు చేమలనుంచి వచ్చినదే తినేవారిని ఇంగ్లీషులో 'వీగన్లు' అంటారు. ఈ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. మన శాకాహారంలో పాలూ నెయ్యీ ఉంటాయి కనక రెండూ ఒకటి కావు. కొందరు జంతువులమీద దయతో అట్లా తింటారు. మన రేపల్లె అమ్మాయి తమ్ముడికి మాత్రం అది తప్పనిసరి.

వాడి జబ్బు సంగతి ఒక్క మాట. మన ఒంట్లో క్రిములతో పోరాడే కావలివాళ్లు ఉన్నారు. కొందరి ఒంట్లో ఆ కావలివాళ్లు పాలలోని మాంసకృత్తును చూసి దొంగ అనుకుని పొరబాటున యుద్ధానికి దిగుతారు. దద్దుర్లూ, వాపూ, ఆయాసమూ ఆ యుద్ధంవల్ల వచ్చేవే. దీన్నే ఎలర్జీ అంటారు. పాలు తాగితే కడుపుబ్బరం చేసేవాళ్లు వేరు. వాళ్లకు పాలలోని చక్కెరను అరిగించే రసం చాలదు, అంతే. వాళ్లకు పాలు ఎక్కువైతే ఇబ్బంది. ఎలర్జీ ఉన్నవాళ్లకు కొంచెం పడినా ప్రమాదం. "ఒక్క చుక్కే గదా, ఏమవుతుంది?" అని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి.

సరే, ఇప్పుడు హోటలుకు పోదాం.

తెనాలికి మూడు కాలవలున్నాయి. వాటిని చూసే దానికి 'ఆంధ్రా ప్యారిస్' అని ముద్దుపేరు పెట్టారని చెబుతారు. ప్యారిస్ రొట్టె సైగాన్‌కు పోయి మారిపోయింది. మరి మన ఆంధ్రా ప్యారిస్‌లో ఏమున్నదో చూద్దామని ఒక సందులో నాలుగు బల్లలున్న హోటల్లో కూచున్నాను. పెనంమీద పెసరట్టు వేస్తున్నారు. పచ్చని పిండి గుండ్రంగా తిప్పి, పైన ఉల్లిపాయ ముక్కలు, అల్లం, పచ్చిమిర్చి చల్లి, మధ్య ఒక గరిటెడు ఉప్మా పెట్టి, అట్లకాడతో మడిచి, అల్లం పచ్చడితో పెడుతున్నారు. ఆలోచించి చూడండి! పైన కరకరలాడే పొర, లోపల మెత్తని ఉప్మా, పక్కన పులుపూ తీపీ కారమూ ఉన్న అల్లం పచ్చడి. సైగాన్ వాళ్లు రొట్టె చీల్చి చేసిన పనే మనవాళ్లు అట్టు మడిచి చేశారు.

నేను హోటలాయనతో అన్నాను: "పాలు పడని ఒక పిల్లవాడికోసం అడుగుతున్నాను. దీంట్లో పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు ఏమైనా ఉన్నాయా?"

"పెసరట్టులో ఏముంటాయండీ? పెసలూ బియ్యమూ, అంతే," అని ఆయన వెంటనే అన్నాడు. అని ఊరుకుంటే నా పని అయిపోయేది. కాని ఆయన ఒక్క క్షణం ఆగి, పెనం దగ్గరున్న మాస్టరును కేకేసి అడిగాడు. మాస్టరు తల గోక్కుంటూ, "ఉప్మా తాలింపులో నెయ్యి వేశానండీ. అట్టుమీద కూడా అడిగినవాళ్లకు నెయ్యి వేస్తున్నాం. పెనం ఒకటే గదా," అన్నాడు.

హోటలాయన నావైపు తిరిగి, "ఇందాక తొందరపడ్డానండీ. ఈ అట్టు ఆ బాబుకు పెట్టకూడదు," అన్నాడు.

పిల్లలూ, నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. "లేదు" అని చెప్పి నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు. "ఉన్నది" అని చెప్పి ఆ బాబును కాపాడాడు.

అంతటితో ఆగలేదాయన. "మీరు ముందుగా చెబితే ఏమీ కష్టం లేదండీ. పొద్దున్నే, నెయ్యి తగలకముందు, వేరే పెనంమీద నూనెతో వేయిస్తాను. గరిటె, అట్లకాడ వేరే తీయిస్తాను. కాని ఉప్మా లేకుండా వట్టి అట్టు ఏం బావుంటుంది?" అన్నాడు.

మాస్టరే దానికీ ఉపాయం చెప్పాడు. "క్యారెట్టు తురిమి, కీరా ముక్కలు, కొత్తిమీర, ఉల్లిపాయ వేసి, నిమ్మకాయ పిండి లోపల పెడితే సరి!"

నాకు నవ్వాగలేదు. ఆ మాస్టరు వియత్నాం పేరు విన్నాడో లేదో! అయినా ఉన్న చోటునుంచి కదలకుండా తెనాలి బాన్ మీ తయారుచేశాడు. కొబ్బరి పచ్చడిలో పెరుగు కలుపుతారేమోనని కూడా అడిగాను. ఆ పూట కలిపామన్నారు. కనక దాన్ని పక్కన పెట్టి అల్లం పచ్చడి ఒక్కటే తీసుకున్నాను. అందులో అల్లం, చింతపండు, బెల్లం, మిరపకాయలు మాత్రమే ఉన్నాయి.

ఇప్పుడు మరొక సంగతి చెప్పనా? ఆ అట్టు పుట్టింది హోటల్లో కాదు, మీ ఊరి పొలాల్లో. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ ఉన్నది కృష్ణా డెల్టా. ఇక్కడ వరికోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడి ఉన్న పైరులోనే మినుములూ, పెసలూ చల్లుతారు. దున్నటం లేదు, మళ్లీ నీరు పెట్టటం లేదు. కోత అయ్యేసరికి నేలలో మిగిలిన తడితోనే మొలకలు వస్తాయి. మాఘఫాల్గుణాలకు కాయలు చేతికి వస్తాయి. ఈమధ్య చాలా చోట్ల మొక్కజొన్న కూడా వేస్తున్నారు గాని, మాగాణిలో అపరాలు చల్లే పద్ధతి ఈ ప్రాంతపు రైతుల గొప్ప తెలివి.

పెసర మొక్కను మెల్లగా పీకి వేళ్లు చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురముంటాయి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని ఉన్నది గాని, మొక్కలు దాన్ని నేరుగా తీసుకోలేవు. ఈ సూక్ష్మజీవులు దాన్ని పట్టి మొక్కకు పనికివచ్చేట్టు మారుస్తాయి. అందుకు బదులు మొక్క వాటికి చక్కెర పెడుతుంది. ఆ నత్రజనితోనే గింజలో మాంసకృత్తులు తయారవుతాయి. గాలిలోనుంచి వచ్చిన బలం మీ కంచంలోని అట్టులో ఉన్నదన్నమాట!

వంద గ్రాముల పెసలలో సుమారు 23 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో ఏడెనిమిది గ్రాములే. కాని పెసలకు కూడా ఒక లోటు ఉన్నది. మాంసకృత్తులు రకరకాల పూసలు గుచ్చిన దండల వంటివి. 'లైసీన్' అనే పూస పప్పుల్లో ఎక్కువ, ధాన్యాల్లో తక్కువ. 'మిథియోనీన్' అనే పూస ధాన్యాల్లో ఎక్కువ, పప్పుల్లో తక్కువ. పెసలు నానవేసేటప్పుడు అమ్మ గుప్పెడు బియ్యం కలుపుతుంది, చూశారా? అట్టు కరకరలాడాలని ఆమె ఉద్దేశం. ఒకరి లోటు ఒకరు తీర్చుకోవటంకూడా అందులో జరిగిపోతున్నది. అన్నమూ పప్పూ, ఇడ్లీలో బియ్యమూ మినుములూ, ఇవన్నీ అట్లాంటి జతలే. రెండూ ఒకే ముద్దలో ఉండనక్కరలేదు, ఒకే రోజున తిన్నా చాలు.

ఆ బియ్యం బాపట్లదైనా కావచ్చు! బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల స్థాపించారు. అక్కడి పరిశోధకులు తయారుచేసిన 'బి.పి.టి. 5204' అనే వరి 1986లో రైతులకు అందింది. దాన్నే మనం సాంబా మసూరి అంటున్నాం. 'బి.పి.టి.' అంటే బాపట్ల అన్నమాటే.

నిమ్మకాయ పిండటంలో కూడా ఒక కిటుకు ఉన్నది. పప్పుల్లో ఇనుము ఉన్నా మన ఒంటికి అది సులువుగా పట్టదు. నిమ్మరసంలోని 'సి' విటమిను ఉంటే బాగా పడుతుంది. క్యారెట్టులో కంటికి మేలుచేసే 'ఎ' విటమినుకు మూలమైన రంగుపదార్థం ఉన్నది. కాస్త నూనె తోడైతే అది ఒంటికి ఇంకా బాగా పడుతుంది. కాని నూనె కారే అట్టు మంచిదనుకోకండి. చెంచాడు నూనె చాలు.

ఇక్కడ మీ అమ్మానాన్నలకు ఒక మాట. ఈ భాగం వారికి చదివి వినిపించండి. పాలూ, గుడ్లూ, మాంసమూ పూర్తిగా మానిన పిల్లలకు బి-12 విటమిను చాలదు. అది మొక్కలనుంచి సరిగా దొరకదు. అది లేకపోతే రక్తమూ, నరాలూ దెబ్బ తింటాయి. కనక డాక్టరును అడిగి, బి-12 కలిపిన ఆహారమో, మందో తప్పక ఇవ్వాలి. సున్నపు ధాతువుకు రాగులూ, నువ్వులూ మంచివి. వంద గ్రాముల రాగుల్లో అది 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఎలర్జీ ఉన్న పిల్లలను హోటలుకు తీసుకుపోయేటప్పుడు డాక్టరు ఇచ్చిన మందు వెంట ఉంచుకోవాలి. హోటలువాళ్లు "ఏమో, తెలియదు" అంటే అక్కడ తినిపించకూడదు.

నేను చూసినదంతా రేపల్లె అమ్మాయికి రాశాను. హోటలాయన మాటలు కూడా ఉన్నవున్నట్టు రాశాను. పది రోజులకు మళ్లీ ఉత్తరం వచ్చింది.

"మా పిన్నీ బాబాయీ ముందురోజు వెళ్లి హోటలాయనతో మాట్లాడి వచ్చారు. మర్నాడు పొద్దున్న మొదటి రైలుకు అందరం తెనాలి వెళ్లాం. మా కోసం పెనం తోమి విడిగా పెట్టారు. పిన్ని పక్కన నిలబడి చూసింది. తమ్ముడు మొదట భయపడి కొంచెం తుంచి తిన్నాడు. తరవాత మొత్తం తిని ఇంకొకటి అడిగాడు. ఈసారి వాడికి పెట్టినదే మేమందరం తిన్నాం. నెయ్యి లేకపోయినా బావుంది. వాడు మెల్‌బోర్న్ వెళ్లాక ఆ వియత్నాం హోటలువాళ్లకు పెసరట్టు సంగతి చెబుతానన్నాడు. వాడు వెళ్లేనాడు మా అమ్మమ్మ రెండు కిలోల పెసలు మూటగట్టింది గాని, అక్కడి కస్టమ్సువాళ్లు గింజలు రానివ్వరని బాబాయి తీసేశాడు. అమ్మమ్మకు కోపం వచ్చింది!"

అమ్మమ్మ కోపం న్యాయమే. కాని ఫరవాలేదు, మెల్‌బోర్న్ అంగళ్లలోనూ పెసలు దొరుకుతాయి.

ఆ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఏదో చెప్పుకోండి చూద్దాం. "వాడికి పెట్టినదే మేమందరం తిన్నాం" అన్నది. బేకరీలో వాడొక్కడే నీళ్లు తాగి కూచున్నాడు. ఇక్కడ అందరి ముందూ ఒకే అట్టు ఉన్నది. చుట్టాన్ని ఆదరించటమంటే పదిరకాలు వండటమే కానక్కరలేదు. వాడు ఏది భయంలేకుండా తినగలడో అడిగి, దాన్ని వాడితో కలిసి తినటం.

ఇదుగో, ఈ నెల మీరు చెయ్యవలసిన పని. మీ ఇంట్లో చేసుకునే ఫలహారాలు పది ఒక కాగితంమీద రాయండి. ఒక్కొక్కదానిలో పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, గుడ్డు, తేనె ఉన్నాయో లేదో అమ్మనూ, నాయనమ్మనూ అడిగి ఎదురుగా గుర్తు పెట్టండి. "ఏముంటాయిరా?" అని వెంటనే అంటే ఊరుకోవద్దు. మన హోటలాయన లాగా ఒక్క క్షణం ఆగి, ఆలోచించి చెప్పమనండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. మీరనుకున్నదానికన్నా ఎక్కువే మిగులుతాయి. ఆ కాగితాన్ని వంటింటి గోడకు అంటించండి. మీ ఇంటికి అటువంటి స్నేహితుడు ఎవరైనా వచ్చిననాడు అది మీకు పనికివస్తుంది.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.